అడిగితేనే చెప్పే దేశం



సెప్టెంబరు నెలలో ఏ రాత్రయినా శంషాబాదు విమానాశ్రయం బయట నిలబడి చూడండి. ట్రాలీల మీద ఇంటి దగ్గరే నాలుగుసార్లు తూకం వేసి తెచ్చిన సూట్‌కేసులుంటాయి. చుట్టూ తాతయ్య, అమ్మమ్మ, మేనత్తలు, పక్కింటివాళ్లు ఉంటారు. మధ్యలో కొత్త జాకెట్టు వేసుకుని చెమటలు పడుతున్న ఒక అబ్బాయో అమ్మాయో. వాళ్లందరూ అమెరికా వెళ్లేవాళ్లే అనుకునే రోజులు పోయాయి. జర్మనీకి వెళ్లేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. 2023-24లో ఆ దేశంలో సుమారు 49 వేల మంది భారతీయ విద్యార్థులు చదువుకున్నారు. అక్కడి విదేశీ విద్యార్థులందరిలో మనవాళ్లదే పెద్ద సంఖ్య. వాళ్లలో తెలుగు పిల్లలు ఆహెన్ నుంచి మాగ్డెబుర్గ్, కెమ్‌నిట్స్ దాకా ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

ఈ రోజు ఆ పిల్లల చదువు గురించి కాదు నేను మాట్లాడబోయేది. ఇంజినీరింగు గట్టెక్కినవాళ్లు ఆ చదువూ చదవగలరు. విమానం దిగిన మర్నాటి నుంచి గడపాల్సిన మామూలు రోజు గురించి చెబుతాను. నేను చదువుకున్నది ఆహెన్‌లో. జర్మనీకి పడమటి కొసన, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులను ఆనుకుని, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఊరు. కన్సల్టెన్సీలవాళ్లు వీసా దాకా అన్నీ చెబుతారు. ఆ తర్వాతి సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెప్పేస్తాను. మనం పెరిగినచోట అడక్కముందే చెప్పేవాళ్లు చుట్టూ ఉంటారు. తప్పు బస్సు ఎక్కబోతే "అది దిల్‌సుఖ్‌నగర్ పోదమ్మా" అని ముక్కూమొహం తెలియని మనిషి వెనక్కి లాగుతాడు. కాలేజీలో ఫీజు కట్టే ఆఖరు తేదీ మనం మర్చిపోయినా పక్కబెంచీవాడు మర్చిపోనివ్వడు. జర్మనీలో అలా ఉండదు. అడక్కుండా ఎవరూ ఏదీ చెప్పరు. ఇతరుల విషయంలో తలదూర్చకపోవడం వాళ్ల దృష్టిలో మర్యాద. కానీ అడిగారా, నడిచిపోతున్న మనిషి ఆగుతాడు. సంచీ కింద పెట్టి, మనకు అర్థమయ్యేదాకా చెబుతాడు. అవసరమైతే నాలుగడుగులు వెంట వస్తాడు కూడా. ఈ తేడా తెలియని పిల్లలు "ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అని గదిలో కూర్చుండిపోతారు. తెలిసినవాళ్లకు ఆ ఊరు త్వరగా సొంత ఊరవుతుంది. నేను కళ్లారా చూసిన తేడా ఇది.

ఇక రోజువారీ సంగతులు. గది దొరికాక చేయాల్సిన మొదటి పని ఊరి కార్యాలయంలో పేరు నమోదు. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చేయాలి. ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం ఒకటి కావాలి. అది లేకుండా ఏ పనీ కదలదు. ముందుగా సమయం తీసుకుని, తొమ్మిదీ ఇరవై అంటే తొమ్మిదీ ఇరవైకి అక్కడ ఉండాలి. పెద్ద నగరాల్లో ఆ సమయం దొరకడమే కష్టం. కాబట్టి ఇల్లు ఖాయమైన రోజే ప్రయత్నం మొదలుపెట్టాలి. ఇంటి సంగతి వచ్చింది గనుక ఒక హెచ్చరిక. గది చూడకుండా, "నేను లండన్‌లో ఉన్నాను, తాళాలు పోస్టులో పంపిస్తాను, ముందు అడ్వాన్సు వేయండి" అనేవాళ్లకు ఒక్క పైసా పంపొద్దు. అలా లక్షలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. న్యాయంగా తీసుకునే అడ్వాన్సు మూడు నెలల మూల అద్దెకు మించకూడదని అక్కడి చట్టమే చెబుతుంది.

చాలామంది పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. కింద వరండాలో ఉండే ఉత్తరాల పెట్టె మీద మీ పేరు ఉండి తీరాలి. అక్కడ ఇప్పటికీ ముఖ్యమైన ప్రతిదీ పోస్టులోనే వస్తుంది. బ్యాంకు కార్డు, దాని రహస్య సంఖ్య, ఆరోగ్య బీమా కార్డు, పన్ను సంఖ్య, వీసా కార్యాలయం పిలుపు, అన్నీ కవర్లలోనే. పెట్టె మీద పేరు లేకపోతే పోస్టువాళ్లు పైకి వచ్చి తలుపు తట్టి వెతకరు. ఉత్తరం వెనక్కి పోతుంది. నలుగురు కలిసి ఉంటే నలుగురి ఇంటిపేర్లూ రాసి అంటించాలి. అన్నట్టు, మన ఊళ్లో పెళ్లిపత్రిక మీదా పట్టాదారు పాసుపుస్తకం మీదా తప్ప ఎవరూ పలకని ఇంటిపేరు, అక్కడ మీ అసలు పేరవుతుంది. ఆస్పత్రిలో నర్సు పిలిచేదీ, ప్రొఫెసరు పిలిచేదీ ఇంటిపేరుతోనే. మొదట్లో ఎవరినో పిలుస్తున్నారనుకుని కూర్చుంటాం.

వచ్చిన ఉత్తరం తెరవకుండా పక్కన పెట్టొద్దు. రేడియోలో మాట్లాడుతున్నాను గనుక ఒక ఉదాహరణ చెబుతాను. మీ పేరు ఊళ్లో నమోదైన కొన్ని వారాలకు, ప్రసార రుసుము కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. మీ ఇంట్లో రేడియో, టీవీ ఉన్నా లేకపోయినా కట్టాలి. మన దగ్గర కూడా ఒకప్పుడు రేడియోకి లైసెన్సు ఉండేదని, పోస్టాఫీసులో డబ్బు కట్టేవాళ్లమని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ఆ పద్ధతి ఇంకా సాగుతోంది. అది మనిషికి కాదు, ఇంటికి. ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కట్టి, ముగ్గురూ పంచుకోవచ్చు. "మాకు టీవీ లేదుగా" అని చెత్తబుట్టలో వేసినవాళ్లకు ఆ తర్వాత బకాయిల ఉత్తరాలు వస్తాయి.

ఇంట్లో ఉండే పద్ధతులు ఒక పట్టాన ఒంటబట్టవు. చలికాలంలో కూడా రోజూ రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి, అయిదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. వెచ్చగా ఉండాలని కిటికీలు మూసుకుని, కుక్కరు పెట్టి, గదిలోనే బట్టలు ఆరేస్తే గోడలకు నల్లగా బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు దాని ఖర్చు మన అడ్వాన్సులోంచి పోతుంది. మన తాలింపు అక్కడి పొగ అలారానికి సరిపడదు. ఎండుమిరపకాయలు వేగగానే అది కూతపెడుతుంది. ముందే కిటికీ తీసి, మంట తగ్గించి వేయించడం నేర్చుకుంటే సరిపోతుంది. దాని బ్యాటరీ తీసేయడం మాత్రం తగదు. కొన్ని హాస్టళ్లలో అలారం నేరుగా అగ్నిమాపక దళానికి కలిపి ఉంటుంది.

సూట్‌కేసులో ఏం పెట్టాలన్నది అమ్మలు అడిగే ప్రశ్న. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడులు గట్టిగా మూటకట్టి పంపండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం వెంట తీసుకెళ్లడానికి అనుమతి లేదు. పచ్చి కరివేపాకు కూడా అంతే, నీడన ఎండబెట్టి పొడి చేసి పంపండి. బియ్యం, పప్పు గురించి బెంగ అక్కర్లేదు. ఓ మోస్తరు ఊళ్లన్నిట్లోనూ ఆసియా దుకాణాలున్నాయి, సోనా మసూరి దొరుకుతుంది, ధర మాత్రం ఎక్కువ. పెరుగుకు లోటు లేదు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

ఆదివారం దుకాణాలు ఉండవు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి తప్ప కిరాణా కొట్లన్నీ మూసేస్తారు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ వాక్యాన్నే ఇప్పటి రాజ్యాంగంలోనూ ఉంచుకున్నారు. కాబట్టి శనివారం సాయంత్రానికల్లా పాలు, కూరగాయలు ఇంట్లో ఉండాలి. ఆ రోజు వాక్యూమ్ క్లీనరు పెట్టినా, గోడకు మేకు కొట్టినా పొరుగువాళ్లు ఊరుకోరు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా కూడా అంతే. స్పీకరు పెట్టి ఇంటికి వీడియో కాల్ చేయడం మనకు మామూలు, పల్చటి గోడ అవతలి ముసలావిడకు మామూలు కాదు. ఆవిడ తలుపు తట్టి అడిగితే అది మన రంగును చూసి అన్న మాట అనుకోవద్దు. అక్కడ పుట్టిన పిల్లాడికీ అదే చెబుతుంది. నిజంగా వివక్షతో అన్న మాటలూ ఉంటాయి, కాదనను. వాటిని భరించి ఊరుకోవాలనీ అనను. విశ్వవిద్యాలయంలో వాటికి ఫిర్యాదు చేసే చోట్లున్నాయి. కానీ ఈ రెండిటినీ కలిపేసుకుంటే మనసు అనవసరంగా గాయపడుతుంది.

చెత్త సంగతి వెళ్లిన వారంలోనే నేర్చుకోవాలి. కాగితాలకొకటి, ప్యాకింగు కవర్లకొకటి, కూరగాయల తొక్కులకొకటి, మిగతాదానికొకటి డబ్బాలుంటాయి. రంగులు ఊరికో తీరు. నీళ్ల సీసాలు పారేయకండి. ప్లాస్టిక్ సీసా కొన్నప్పుడు దాని ధరకు తోడు సాధారణంగా 25 సెంట్లు పూచీ తీసుకుంటారు. ఖాళీది దుకాణంలోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.

ఇక తరగతి. చాలా విశ్వవిద్యాలయాల్లో పది గంటలకు అని రాసి ఉన్న పాఠం పదీ పావుకు మొదలవుతుంది. ఇది పాతకాలం నుంచి వస్తున్న ఆచారం. పాఠం అయిపోగానే విద్యార్థులు చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్లల మీద టకటక కొడతారు. కొత్తగా వెళ్లినవాళ్లు ఏదో గొడవ అనుకుని ఉలిక్కిపడతారు. అది అధ్యాపకుడికి కృతజ్ఞత చెప్పే తీరు. మార్కులు తలకిందులుగా ఉంటాయి. 1.0 అంటే అన్నిటికన్నా గొప్ప, 4.0 దాకా పాసు, 5.0 వస్తే తప్పినట్టు. కాబట్టి మీ అమ్మాయి "నాన్నా, ఒకటి పాయింట్ మూడు వచ్చింది" అంటే కంగారుపడకండి, స్వీట్లు పంచండి.

చాలా పాఠాలకు హాజరు తీసుకోరు. నిన్న ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఈ స్వేచ్ఛే చాలామందిని దెబ్బతీస్తోంది. ఎక్కువ సబ్జెక్టుల్లో ఇంటర్నల్సు లాంటివి ఉండవు, సెమిస్టరు చివర ఒక్క పరీక్షే మొత్తం తేల్చేస్తుంది. ఆ పరీక్షకు మనమే విడిగా పేరు నమోదు చేసుకోవాలి. గడువు దాటితే మన దగ్గరలా అపరాధ రుసుము కట్టి రాసే వెసులుబాటు సాధారణంగా ఉండదు. ఒక్కో పరీక్షకు చాలాచోట్ల మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే ఆ కోర్సు అక్కడితో ముగుస్తుంది. అదే కోర్సును జర్మనీలో మరోచోట చదవడం కూడా చాలాసార్లు కుదరదు. ఈ నిబంధన సంగతి పిల్లలకు తెలిసేసరికి రెండు అవకాశాలు అయిపోయి ఉంటాయి. అందుకే, వెళ్లిన మొదటి నెలలోనే మీ విభాగం పరీక్షా నియమాలు చదవండి. అర్థం కాకపోతే విభాగంలో సలహా చెప్పడానికే కూర్చున్నవాళ్లున్నారు, వెళ్లి అడగండి. ప్రొఫెసరుగారిని ఎలా అడగడమని జంకొద్దు. ప్రశ్న అడిగితే ఆయన చిన్నబుచ్చుకోడు. అడగకుండా తప్పు చేస్తేనే ఆశ్చర్యపోతాడు.

డబ్బు దగ్గరికి వద్దాం. వెళ్లేముందే ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాలి. మన లెక్కలో పదకొండు లక్షల పైమాట. అందులోంచి నెలకు 992 యూరోలే చేతికొస్తాయి. మ్యూనిక్ లాంటి నగరంలో అందులో చాలా భాగం గది అద్దెకే పోతుంది. పైగా ఇంటి దగ్గర బ్యాంకు అప్పు, దానికి పొలమో ఇల్లో తాకట్టు. అది పిల్లల తలలో ప్రతి క్షణం మెదులుతూనే ఉంటుంది. అందుకే దిగీ దిగగానే పనికి పరుగెత్తుతారు. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పనిచేయొచ్చు. పనిచేయడంలో ఏ తప్పూ లేదు, శ్రమ ఏదైనా గౌరవమే. కానీ పార్సిళ్ల గోదాముల్లో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున ల్యాబుకు వచ్చి, మధ్యాహ్నం లైబ్రరీలో తల వాల్చేసిన పిల్లల్ని నేను చూశాను. ఆ నెల జీతంతో వాళ్లు ఇంటికి కొంత డబ్బు పంపగలిగారు, ఆ సెమిస్టరు మాత్రం పోయింది. ఒక సెమిస్టరు పోతే ఆరు నెలల అద్దె, బీమా, తిండి ఖర్చు అదనం. అది గోదాములో సంపాదించిన దానికన్నా ఎక్కువ. కుటుంబం ఎలాగైనా తట్టుకోగలిగితే మొదటి సెమిస్టరులో పని వద్దనే అంటాను. తర్వాత ప్రొఫెసర్ల దగ్గరే చిన్న ఉద్యోగాలు దొరుకుతాయి. జీతం గొప్పగా ఉండకపోవచ్చు, కానీ మీ పని చూసిన మనిషి ఒకరు ఆ ఊళ్లో ఏర్పడతారు.

తెలుగువాళ్లతో కలిసి ఉండటం మంచిదా కాదా అని అడుగుతుంటారు. మొదటి నెలల్లో అంతకన్నా మంచిది లేదు. స్టేషనుకు వచ్చి సామాను మోసి, చారూ అన్నం పెట్టి, "బీమా కార్డు వచ్చేదాకా ఈ కాగితం చూపించరా" అని చెప్పే సీనియర్ అన్న, అక్క దొరకడం నిజంగా అదృష్టం. ఆ ఊళ్లో అడక్కుండా చెప్పేది వాళ్లే. కానీ రెండేళ్లూ ఆ గదిలోనే గడిచిపోతే చిక్కు. వంట, కబుర్లు, సినిమా, గ్రూప్ అసైన్‌మెంటు అన్నీ తెలుగులోనే అయితే జర్మన్ మాట నోటికి రాదు. కోర్సు ఇంగ్లిషులో ఉండొచ్చు. రొట్టెల కొట్లో, దంతవైద్యుడి దగ్గర, రేపు ఉద్యోగంలో అక్కరకొచ్చేది జర్మన్. హైదరాబాదులో గోథే సెంటర్ ఉంది, ఇంకెన్నో శిక్షణాలయాలున్నాయి. వెళ్లేలోగా కొంత భాష నేర్చుకుని వెళ్లండి. అక్కడ విశ్వవిద్యాలయంలో తక్కువ ఫీజుకో ఉచితంగానో తరగతులుంటాయి, మానొద్దు.

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. హైదరాబాదులో 1897లో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ బెర్లిన్‌లో చదువుకున్నారు. 1926లో అర్థశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. అప్పుడు ఇంటికి ఫోన్ చేసే వీల్లేదు, ఉత్తరం ఓడలో వెళ్లాలి. ఆ బెర్లిన్‌లోనే ఆయన ఉర్దూ కవి గాలిబ్ కవితా సంపుటాన్ని అందంగా అచ్చు వేయించారు. అక్కడి ప్రెస్సులతో, పండితులతో కలిసిమెలిసి తిరిగారు. తన భాషనూ వదులుకోలేదు, ఆ ఊరికీ దూరంగా ఉండిపోలేదు. మన పిల్లలు కూడా వాళ్ల గదిలో చేసుకునే ఉగాదికి, బతుకమ్మకు క్లాసులోని జర్మన్ స్నేహితులను పిలవొచ్చు. వాళ్లంతట వాళ్లు రారు, పిలిస్తే తప్పకుండా వస్తారు.

చివరగా, నాకు అన్నిటికన్నా బరువుగా తోచే విషయం. నవంబరులో వెలుతురు తగ్గిపోతుంది. డిసెంబరులో ఆహెన్‌లో పొద్దున ఎనిమిదిన్నరకు గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మధ్యలో వెలుగున్న ఆ కాసేపూ చాలాసార్లు మబ్బే. దిగిన కొత్తలో ఉన్న ఉత్సాహం సరిగ్గా అప్పటికి అయిపోతుంది. పరీక్షలు దగ్గరపడతాయి. నిద్ర ఎక్కువవుతుంది, వండుకోబుద్ధి కాదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఎండలో పెరిగిన మనకు అది సోమరితనంలా కనిపిస్తుంది. అది సోమరితనం కాదు. ఎంత చలి ఉన్నా మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు అరగంట బయట నడవాలి. విశ్వవిద్యాలయాల్లో ఆటలు, ఈత, నాట్యం దాదాపు ఉచితంగా నేర్పుతారు, ఏదో ఒకదాంట్లో చేరాలి. అప్పటికీ మనసు కుదుటపడకపోతే, విద్యార్థుల సంక్షేమ సంస్థల్లో మానసిక నిపుణుల సలహా ఉచితంగా దొరుకుతుంది, చాలా ఊళ్లలో ఇంగ్లిషులోనూ మాట్లాడతారు. పంటినొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే వెళ్లొచ్చు. మీరు చెప్పింది వాళ్లు విశ్వవిద్యాలయానికీ చెప్పరు, ఇంటికీ చెప్పరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మీరు పొద్దున్నే ఆరింటికి కాఫీ తాగి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరో రెండున్నరో అవుతుంది. మన రాత్రి ఎనిమిదిన్నరకు చేయండి, అక్కడ సాయంత్రం నాలుగో అయిదో అవుతుంది. చేసినప్పుడల్లా "ఉద్యోగం సంగతేమైంది, పార్ట్‌టైమ్ దొరికిందా, ఫలానావాళ్లబ్బాయికి దొరికిందట" అనొద్దు. అప్పు సంగతి వాళ్లకు మనకన్నా బాగా గుర్తుంది. బాగున్నానని పిల్లలు చెప్పే మాట విని ఊరుకోకుండా, ఈ వారం ఎవరెవరితో మాట్లాడావని అడగండి. గొంతులో తేడా వినిపిస్తే ఆ ఊళ్లోని ఒక స్నేహితుడి నంబరు మీ దగ్గర ఉండాలి. వెళ్లేముందే తీసుకోండి.

వెళ్లే పిల్లలకు ఒక్క మాట. రెండు నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ప్రాణాపాయమైతే 112. ప్రాణాపాయం కాకపోయినా రాత్రిపూట, సెలవురోజు డాక్టరు కావాల్సివస్తే 116117. రెండూ జర్మనీ అంతటా పనిచేస్తాయి. ఎవరిని అడగాలో తెలియనప్పుడు మీ విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లండి, అది ఉన్నది మీ కోసమే.